పిలుపు అక్కర్లేని శామియానా

పుంగనూరులో చెంగల్రాయుడి టెంపో ఏ సందులోకి తిరిగినా అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. మగవాళ్ళు తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుంటారు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవురు పోయినారప్పా?" అని అడుగుతారు. ఎవరూ పోలేదనీ, తాను పంక్చరు వేయించడానికి పోతున్నాననీ చెప్పినా నమ్మరు. టెంపో పోయిన దారినే కాసేపు చూసి, ఆ వైపు జబ్బుతో ఉన్నవాళ్ళెవరో గుర్తు చేసుకుంటారు.

చెంగల్రాయుడిది శామియానా వ్యాపారం. శామియానా, కుర్చీలు, వంట పాత్రలు, గ్యాసు పొయ్యిలు, శవాన్ని చల్లగా ఉంచే ఐసుపెట్టె ఒకటి. పెండ్లికైతే బాడుగ, చావుకైతే ఊరికే. ఈ నియమం ఆయన పెట్టుకున్నదే. వాళ్ళ నాయన ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం పోయాడు. శామియానా కోసం మదనపల్లె దాకా తిరిగి వచ్చేలోపల, శవానికి ఎండ తగలకుండా వీధిలోని ఆడవాళ్ళు దుప్పటి నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరింది. చనిపోయినాయన పుణ్యాన బతికున్నామె పోబోయిందని ఊరంతా చెప్పుకున్నారు. మరుసటి ఏడాది చెంగల్రాయుడు ఉన్న పాడి ఎనుముల్ని అమ్మి శామియానా కొన్నాడు.

స్టీలు ప్లేట్లు తర్వాత వచ్చాయి. బోడిగుట్టపల్లెలో ఒక చావింటి దివసం భోజనాలకు తెల్లటి థర్మోకోల్ ప్లేట్లు వాడారు. తిన్న ప్లేట్లన్నీ చెరువు కట్ట మీద పారేశారు. పెరుగన్నం వాసనకు పాపమ్మ అనే ముసలామె ఆవు వాటిని తిన్నది. పొట్టి పుంగనూరావు, నడుమెత్తు కూడా ఉండదు. పశువుల డాక్టరు కడుపు కోసి ఒక్కొక్క ముక్కా బయటికి తీస్తుంటే, శామియానా విప్పుకోవడానికి వచ్చిన చెంగల్రాయుడు పక్కనే నిలబడి చూశాడు. ఆవు దక్కలేదు. వడ్డించింది వాళ్ళే అయినా నీడ తనది కదా అనుకున్నాడు. అప్పటి నుంచి తన శామియానా కింద కాగితం ప్లేటు, ప్లాస్టిక్ గ్లాసు కనబడకూడదన్నాడు. స్టీలు ప్లేట్లు, గ్లాసులు తానే ఇచ్చాడు, అవీ ఊరికే. పోకుండా ఉండడానికి ప్లేటు నడిమధ్యలో చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించాడు. భోజనం ముగిసి మజ్జిగ కూడా అయిపోయాక అడుగున చెంగల్రాయుడు అని కనబడుతుంది. ఆ చుట్టుపక్కల చాలామందికి ఆ పేరు కనబడగానే పోయిన పెద్దలు ఎవరో ఒకరు గుర్తొస్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది. మదనపల్లెలో ఒక సేవా సంఘం వాళ్ళు ఆయన్ను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, చేతిలో వేపమొక్క పెట్టి ఫోటో తీశారు. పేపర్లో వేశారు. ఫోటో పైన 'చావింటికి చల్లని నీడ' అని పెద్ద అక్షరాలు. శాలువా కప్పిన నెల నుంచి పెండ్లి బేరాలు ఆగిపోయాయి.

ఆ శామియానా చావులదనే కదా భయమని, పెండ్లిళ్ళకు వేరుగా ఎర్రది, జాలర్లున్నది కొత్తది తెచ్చాడు. తెచ్చిన వారంలోనే పాత శామియానా ఒక చావింట్లో ఉండగా ఇంకో చావు జరిగింది. వాళ్ళు ఇంటికొచ్చి ఏడ్చారు. కొత్తది పంపక తప్పలేదు. పోయినామె బంధువులంతా శామియానా బాగుందని మెచ్చుకున్నారు. దాంతో అదీ అయిపోయింది.

ఆషాఢం ఆఖరులో ఒకరోజు ఆయన భార్య గోవిందమ్మ ప్లేట్లు తుడుస్తూ మాట ఎత్తింది.

"ఏమయ్యా, ఊర్లో ఎవురికన్నా దగ్గొస్తే మన ఇంటి తట్టు సూస్తాండారు."

"సూడనీలే."

"సూస్తే కడుపు నిండుతుందా? పెండ్లిండ్లలో వచ్చేదాంతో సావులు జరిపిస్తా ఉంటిమి. ఇప్పుడు పెండ్లిండ్లు లేవు. సావులు దేంతో జరపల్ల?"

చెంగల్రాయుడు తుడిచిన ప్లేట్లు లెక్కపెట్టాడు.

"కుప్పంలో శివకుమార్ అని ఉండాడు," అంది గోవిందమ్మ. "ఆయప్పదీ శామియానా అంగడే. టెంపోతో సహా అంతా తీసుకుంటానన్యాడు. నీ పేరు చెరిపి ఆయప్ప పేరు కొట్టించుకుంటాడంట."

"సావులకు ఊరికే ఇస్తాడా?"

"యాల ఇస్తాడు? ఆయప్పకు పెండ్లిండ్లు ఉండాయి." తుడిచిన ప్లేటు పక్కన పెట్టింది. "శ్రావణం పోయేలోపల ఒగ పెండ్లి, ఒకే ఒగటి, ఈ శామియానా కింద జరగల్ల. జరిగితే నువ్వు చెప్పినట్ల. జరక్కపోతే నేను చెప్పినట్ల."

చెంగల్రాయుడు సరేనన్నాడు.

శ్రావణం సగానికి వచ్చింది. ముహూర్తాలు వరసగా పడ్డాయి. మదనపల్లె, పుంగనూరు కల్యాణ మండపాలన్నీ నిండిపోయాయి. చెంగల్రాయుడికి ఆ పదిహేను రోజుల్లో మూడు చావులు వచ్చాయి.

ఆ తర్వాత బోడిగుట్టపల్లె నుంచి పురుషోత్తం వచ్చాడు. ఆవు పోగొట్టుకున్న పాపమ్మ పెద్దకొడుకు. టమాట పండిస్తాడు. మోటారుసైకిలు సందు చివరే ఆపి, అటూ ఇటూ చూసుకుంటూ నడిచొచ్చాడు.

"పెద్దమ్మకేమన్నా..." అంటూ లేచాడు చెంగల్రాయుడు.

"ఏం కాలేదు! మా వీణకు పెండ్లి. మండపం దొరకలేదు, ఇంటి కాడే చేస్తాండాం. మదనపల్లెలో శామియానాకు మాట్లాడొచ్చినా. మా యమ్మ ఒప్పుకోలేదు."

"యాల?"

"నీ శామియానానే కావల్లంట. 'నేను సచ్చినా ఇదే ఏస్తారు గదా, బతికుండంగా ఒగసారి దాని కింద కూసోనీ' అంటాంది. లేకపోతే పెండ్లిలో అక్షింతలు ఎయ్యదంట. ఏం జెయ్యల్ల? ఆవు పోయినప్పటి నుంచి ఆమెకు నీ ప్లేట్లంటే అదో ఇది." పురుషోత్తం గొంతు తగ్గించాడు. "నువ్వు మాత్రం రవంత ఎవురి కంటా పడకుండా తేప్పా."

శామియానాను ఎవరి కంటా పడకుండా వెయ్యడం ఎట్లాగో ఇద్దరికీ తెలియదు. అయినా చెంగల్రాయుడు తల ఊపాడు. లోపల గోవిందమ్మ వినేటట్టు, "పెండ్లికే గదా?" అని ఇంకోసారి అడిగాడు. "పెండ్లికే," అన్నాడు పురుషోత్తం విసుగ్గా.

పురుషోత్తానికి ఒక తమ్ముడున్నాడు, వెంకటేష్. ఇద్దరికీ బోరునీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, వెంకటేష్ పెండ్లాం ఊరు వెంకటగిరికోటకు పోయి ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. ఆ తర్వాత మాటల్లేవు. పెండ్లి పత్రికలు పంచేటప్పుడు పురుషోత్తం ఊరూరూ తిరిగి, గడప గడపలో బొట్టుపెట్టి పిలిచాడు. తమ్ముడికి మాత్రం పత్రిక వాట్సాప్‌లో పెట్టాడు. వెంకటేష్ చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవకపోతే సొంత అన్న కూతురి పెండ్లికైనా రారు. ఆ సంగతి అన్నకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. వాళ్ళమ్మకు ఇంకా బాగా తెలుసు.

పెండ్లికి రెండు రోజుల ముందు పొద్దున్నే టెంపో బోడిగుట్టపల్లెకు పోయింది. ఐసుపెట్టె టెంపోకు బోల్టులతో బిగించి ఉంటుంది, విప్పడానికి రాదు. పెండ్లింటికి పోతూ అది కనబడితే బాగుండదని చెంగల్రాయుడు దాని మీద తెల్లగుడ్డ కప్పాడు. ఉత్త పెట్టె అయితే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదేమో. గుడ్డ కప్పేసరికి లోపల ఎవరో ఉన్నట్టే అయింది.

గుంజలు పాతే ఎల్లప్ప మొదటి నుంచీ చెంగల్రాయుడి దగ్గరే పని చేస్తున్నాడు. పెండ్లింటికి పోయి చాన్నాళ్ళయింది. దిగీ దిగగానే వాకిట్లో నిలబడి సూర్యుడి వైపు చూసి, పురుషోత్తాన్ని అడిగాడు.

"తల యే పక్క పెడ్తారన్నా?"

"ఎవురి తల?"

ఎల్లప్ప నాలుక కరుచుకున్నాడు. "పెండ్లికూతురి తలన్నా. అదే... పీట." అతను చెప్పింది పురుషోత్తానికి అర్థం కాలేదు, ఎల్లప్పకూ అర్థం కాలేదు. చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం గుంజలు పాతేసింది. కుర్చీలు కూడా అలవాటు ప్రకారమే వేశాడు. నడుమ ఒక మనిషి పొడవున ఖాళీ, చుట్టూ కుర్చీలు.

రోడ్డుకు అవతల టమాటాలు కోస్తున్న శాంతమ్మ నడుము ఎత్తి చూసింది. చెంగల్రాయుడి శామియానా. గుడ్డ కప్పిన పెట్టె. రోజూ అరుగు మీద కూర్చునే పాపమ్మ ఆ రోజు అరుగు మీద లేదు.

"అయ్యో, పెండ్లి పెట్టుకున్న ఇంట్లో," అని కోసిన టమాటాలు గట్టు మీద పెట్టి, శాంతమ్మ ఫోను తీసింది.

పెండ్లికైతే పిలవాలి, బొట్టు పెట్టాలి, ఆ తర్వాత కూడా ఒకసారి ఫోను చేసి గుర్తు చెయ్యాలి. చావుకు అవేవీ అక్కర్లేదు. తెలిస్తే చాలు, చేతిలో పని ఉన్నచోటే వదిలేసి బయలుదేరతారు. పదిగంటలకల్లా ఆటోలు రావడం మొదలైంది. దండలు పట్టుకున్నవాళ్ళు, ఊదుబత్తీల కట్టలు పట్టుకున్నవాళ్ళు, ఉత్త చేతులతో వచ్చి తల పట్టుకున్నవాళ్ళు. చావు డప్పు కొట్టే పలకల వాళ్ళు ఎవరూ చెప్పకుండానే వచ్చి, వీధి మలుపులో మంట వేసి పలకలు కాచుకుంటున్నారు.

పురుషోత్తం పరిగెత్తుకుంటూ పోయాడు. "యాలప్పా వచ్చినారు?"

"పెద్దమ్మకప్పా."

"పెద్దమ్మ లోపల తలకు పోసుకుంటాంది!"

"అవునప్పా. నీళ్ళు పొయ్యల్ల గదా," అన్నాడు పలకల పెద్ద, ఓదార్పుగా.

ఇంతలో పాపమ్మ తడి జుట్టు విదిలించుకుంటూ వాకిట్లోకి వచ్చింది. ముందు వరసలో ఏడవడానికి గొంతు సవరించుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ సవరింపును దగ్గు కింద మార్చుకున్నారు. పాపమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఎల్లప్ప వదిలిన ఖాళీలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. పైకి చూసింది. శామియానా బాగుందన్నట్టు తల ఊపింది.

దండలు తెచ్చినవాళ్ళకు ఏం చెయ్యాలో తోచలేదు. పుంగనూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతిలో దండ అటూ ఇటూ మార్చుకుని, చివరికి పోయి పాపమ్మ మెడలో వేశాడు. పారేస్తే బాగుండదు, ఇంటికి తీసుకుపోతే ఇంకా బాగుండదు. మిగిలినవాళ్ళు ఆయన వెనకే వరస కట్టారు. కాసేపటికి పాపమ్మ ముక్కు దాకా పూలు వచ్చాయి. ఆ పూలలో నుంచే ఒక్కొక్కర్ని పలకరించింది.

"తిన్యావా నాయనా?"

ఎవరూ తినలేదు. చావింటికి తిని ఎవరు వస్తారు? "అందురికీ ఉప్మా కెలకండి," అని పాపమ్మ లోపలికి కేక వేసింది. "ప్లేట్లు ఉండాయి గదా."

పురుషోత్తం మొహం ఎర్రబడింది. చెంగల్రాయుడి దగ్గరికి వచ్చాడు.

"సూస్తివా? ఎల్లుండి పెండ్లి. ఈరోజు మా వాకిట్లో ఊదుబత్తీలు. మగపెండ్లి వాళ్ళకు తెలిస్తే ఏమైతాది? పీకెయ్ దీన్ని. మదనపల్లె ఆయప్పకు ఫోన్ జేస్తా."

"ప్లేట్లన్నా..." అన్నాడు చెంగల్రాయుడు.

"ప్లేట్లు గూడా."

చెంగల్రాయుడు శామియానా వైపు చూశాడు. శ్రావణంలో మిగిలింది ఈ ఒక్క పెండ్లి. ఇంటికి పోతే గోవిందమ్మ ఏం అడుగుతుందో ఆయనకు తెలుసు. ఆ తర్వాత కుప్పం నుంచి శివకుమార్ వస్తాడు. పైకి మాత్రం, "ఇప్పు ఎల్లప్పా," అన్నాడు. ఎల్లప్ప పోయి తూర్పు మూల తాడు ముడి వదులు చెయ్యడం మొదలుపెట్టాడు.

అప్పుడే వీధి మలుపులో మోటారుసైకిలు ఆగిన చప్పుడు. స్టాండు కూడా వెయ్యలేదు, బండి పడిపోయింది. వెంకటేష్. "అమ్మా" అంటూ జనాన్ని తోసుకుని వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు, ముందు ఏముందో కనబడటం లేదు. నడుమ పూలకుప్ప కనబడింది. పోయి దాని కాళ్ళ దగ్గర పడ్డాడు.

"అమ్మా, ఒగ మాటన్నా జెప్పకుండా పోతివే!"

"యాడికి పోతినిరా?" అంది పూలకుప్ప.

వెంకటేష్ ఏడుపు సగంలో ఆగింది. తల ఎత్తాడు. పాపమ్మ రెండు దండలు తీసి పక్కన పెట్టి, మొహం కనబడేటట్టు కూర్చుంది.

"తిని వచ్చినావా, తినకనే వచ్చినావా?"

వెంకటేష్ లేచాడు. చుట్టూ చూశాడు. అన్న కనబడ్డాడు. కళ్ళు తుడుచుకుని బండి వైపు తిరిగాడు. "అందురూ గలిసి నన్ను మోసం జేసినారు."

"ఎవురు జేసినార్రా? నీకు ఎవురన్నా ఫోన్ జేసి నేను సచ్చినానని చెప్పినారా?"

"శాంతమ్మక్క జెప్పింది, ఈడ శామియానా ఏసినారని."

"ఏసినారు. నిజమే గదా? దాంట్లో అబద్ధమేముండాది?" పాపమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "నేను నిజంగా సచ్చింటే ఇట్లనే బండి పారేసి వచ్చుంటావు. అప్పుడు నువ్వొచ్చింది నాకు కనపడదు గదరా. నేను యాల పోగొట్టుకోవల్ల?"

వెంకటేష్ చెయ్యి విడిపించుకోలేదు.

పురుషోత్తానికి వాళ్ళమ్మ ఆ శామియానానే ఎందుకు కావాలందో అప్పుడు అర్థమైంది. అర్థం కావడంతో కోపం ఇంకొంచెం పెరిగింది. అమ్మ మీద చూపించలేడు, తమ్ముడితో మాటల్లేవు, అందుకని ఎల్లప్ప మీద అరిచాడు. "ఇంగా పీకలేదా?"

వెంకటేష్ గుంజ వైపు చూస్తూ, గుంజతోనే అన్నట్టు అన్నాడు. "యాల పీకేది?"

"నీకెందుకు?" అన్నాడు పురుషోత్తం, కుర్చీతో అన్నట్టు.

"ఆ ముడి ఇప్పితే ఈ మూల అమ్మ మీద పడ్తాది."

"పడ్తే పట్టుకునేకి నేను లేనా?"

"నువ్వు పట్టుకునేది నాకు తెలీదా? బోరు కాడ పైపు పట్టుకున్నట్ల పట్టుకుంటావు!"

"పైపు వదిలింది నేనా నువ్వా?"

ఎన్నో ఏండ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. వచ్చినవాళ్ళంతా ఉప్మా ప్లేట్లు పట్టుకుని కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. బోరు, పైపు, వంతు, గట్టు మీద చింతచెట్టు, ఎవరి పెండ్లాం ఎవరిని ఏమన్నది, అన్నీ బయటికొచ్చాయి. మాట్లాడుతూ మాట్లాడుతూనే, గాలికి శామియానా ఊగితే ఇద్దరూ చెరొక గుంజ పట్టుకున్నారు. పట్టుకున్నట్టు ఇద్దరూ గమనించలేదు. ఏం చెయ్యాలో తెలియని ఎల్లప్ప విప్పిన ముడి మళ్ళీ బిగించి, ఉప్మాకు పోయాడు.

మధ్యాహ్నానికి ఇద్దరి గొంతులూ పోయాయి. పెండ్లికూతురు వీణ కుంకుమ భరిణె, పత్రిక తెచ్చి చిన్నాయన నుదుట బొట్టు పెట్టింది. పత్రిక చేతికిచ్చింది. "చిన్నాయనా, ఎల్లుండి నా పెండ్లి. తప్పకుండా రావల్ల."

"యాడికి పోతాలే," అన్నాడు వెంకటేష్. "ఈడనే ఉంటా."

ఇంత జరిగాక శామియానా పీకమని చెప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. చెంగల్రాయుడు కూడా గుర్తు చెయ్యలేదు.

పెండ్లి జరిగింది. మగపెండ్లి వాళ్ళది బి.కొత్తకోట. వాళ్ళకు శామియానా సంగతి తెలియదు. రెండు రోజుల ముందే ఊర్ల నుంచి అంతమంది జనం తినకుండా, నీళ్ళు తాగకుండా పరిగెత్తుకుని వచ్చారని విని, ఆ ఇంటికి చుట్టుపక్కల గొప్ప మర్యాద ఉన్నట్టుందని చెప్పుకున్నారు. భోజనాలు స్టీలు ప్లేట్లలోనే. పెండ్లికొడుకు మేనమామ పాయసం నాకేసి, అడుగున అక్షరాలు కూడబలుక్కుని చదివి, "ఈ చెంగల్రాయుడెవురప్పా? ఇంటి పెద్దా?" అని అడిగాడు. పక్కనున్నవాళ్ళు ఔనన్నారు. చెరువు కట్ట మీద ఒక్క ప్లేటు పడలేదు. మిగిలిన అన్నం పాపమ్మ కొత్త ఆవుకు కుడితిలో పోయింది.

ఆ మధ్యాహ్నమే కుప్పం నుంచి శివకుమార్ వచ్చాడు. సామాను వాడకంలో ఉండగా చూస్తేనే మంచీ చెడూ తెలుస్తుందని గోవిందమ్మే పెండ్లికి ముందే రమ్మంది. సన్నగా, తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. శామియానా గుడ్డ వేళ్ళతో నలిపి చూశాడు. గుంజలు తట్టి చూశాడు. గుంజల మధ్య భుజం మీద చెయ్యి వేసుకుని తిరుగుతున్న అన్నదమ్ముల్ని చూశాడు. ఎవరో జరిగిందంతా చెప్పారు. వింటూ వింటూ శివకుమార్ ప్లేట్లు చూడటం మానేశాడు.

గోవిందమ్మ పెండ్లింటి పెరట్లో ప్లేట్లు కడుగుతోంది. శివకుమార్ పోయి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, సామాను నాకొద్దులే."

"యాలప్పా? బాగలేదా?"

"బాగుండాది. కార్తీకంలో మా ఇల్లు చేరతాండాం. కొత్తిల్లు. మా అమ్మతో మా మామ మాట్లాడక చానా దినాలైంది. పిలిస్తే రాడు. పిలవకపోయినా రాడు." అతను గడ్డం గోక్కున్నాడు. "ఆ దినం మీ శామియానా కుప్పానికి పంపిస్తారా?"

"నీకే శామియానా అంగడుండాది గదప్పా!"

"నాది ఏస్తే భోజనాల యాళకు వస్తారక్కా. మీది ఏస్తే అప్పటికప్పుడు వస్తారు."

చెంగల్రాయుడు రెండడుగుల దూరంలో గ్లాసులు గోతాంలోకి ఎత్తుతున్నాడు. చెయ్యి ఆగింది. గోవిందమ్మ మొగుడి వైపు చూడలేదు. చేతిలో ప్లేటు రెండు వైపులా చూసి, మెతుకు అంటుకున్న చోట ఇంకోసారి తోమింది.

"పంపిస్తాం. అయితే ఒగ మాట. ఆ పొద్దు యాడన్నా సావు జరిగిందంటే శామియానా ముందు ఆడికి పోతాది. మీ కుప్పంలో జరిగినా అంతే. ఆ తర్వాతే మీ ఇల్లు."

శివకుమార్ ఆలోచించాడు. "అట్లయితే ఆ దినం ఎవురూ సావగూడదని మొక్కుకోవల్ల నేను."

"మొక్కుకోప్పా," అంది గోవిందమ్మ. "మేము దినామూ అదే మొక్కుకుంటాం."

కడిగిన ప్లేటు పక్కకు చాచింది. చెంగల్రాయుడు అందుకుని తుడవడం మొదలుపెట్టాడు.